ఆపదగిన యుద్ధము



1914వ సంవత్సరము జూన్ 28వ తేదీ మొదలు ఆగస్టు 4వ తేదీ వరకు గల ముప్పదియేడు దినముల కథను నేడు మీకు విన్నవింపదలచితిని. ఆ కొద్ది దినములలోనే యూరపు ఖండమందలి మహారాజ్యములు ఒకదాని వెంట నొకటి యుద్ధమున పడినవి. జరిగిన కథ పుస్తకములలో నున్నది. దానితోపాటు జరుగకపోయిన కథను గూడ నేను విచారింపగోరుచున్నాను. అనగా, ఏ గడియలో ఎవ్వరు వేరొక మాట పలికియుండినచో ఆ యుద్ధము రాకుండెడిదో చూడవలెనని నా తలంపు.

ఇది గతజలసేతుబంధనము గదా, పారిపోయిన నీటికి ఇప్పుడు కట్ట వేయనేల యని పెద్దలు కొందరనవచ్చును. కాని చెరువుకట్ట తెగిన పిమ్మట ఊరిపెద్దలు ఏమి చేయుదురు? కట్టమీద నడచి, గండి ఎచ్చట పడెను, అంతకుముందు నీరు ఎచ్చట ఊరుచుండెను, తూము తలుపు ఎత్తవలసినవాడు ఆ రాత్రి ఎచ్చట నుండెను అని విచారింతురు. ఆ విచారణ పోయిన నీటి కొరకు కాదు, రాబోవు వాన కొరకు. చరిత్రమును గూడ అట్లు విచారించుట తగునని నా నమ్మకము.

మొదట ఆనాటి రాజ్యముల సంబంధములు తెలియవలెను. 1879లో జర్మనీయు ఆస్ట్రియా-హంగరీయు ఒకరి కొకరు తోడుపడుటకు సంధి చేసికొనిరి. 1882లో ఇటలీ వారితో చేరెను. జర్మనీ మంత్రియైన బిస్మార్కు చతురుడు. అతడు 1887లో రష్యాతో గూడ రహస్యసంధి చేసికొని, రెండు వైపుల పగ్గములను తన చేతనే పట్టుకొనెను. 1890లో అతడు పదవినుండి తొలగినంతనే జర్మనీ ఆ సంధిని పొడిగింపక విడిచివేసెను. నాలుగేండ్లు తిరుగకుండ రష్యా ఫ్రాన్సుతో సైనికసంధి స్థిరపరచుకొనెను. ఇంగ్లాండు 1904లో ఫ్రాన్సుతోను, 1907లో రష్యాతోను పాత తగవులు తీర్చుకొని స్నేహము కలిపెను. అది యుద్ధసంధి కాదు గాని, దానికి దగ్గరి చుట్టము. ఇవిగాక బెల్జియము తటస్థతను కాపాడుదుమని 1839లోనే మహారాజ్యములు సంతకములు చేసియుండెను.

ఈ సంధులన్నిటిని మన యూళ్లలోని ఒక్క మాటతో చెప్పవచ్చును: పూచీ. పరుని అప్పుపత్రముమీద పూచీ సంతకము చేయువాడు ఆ సొమ్ము తాను చెల్లింపవలసి వచ్చునని తలపడు. తన సంతకము చూచుకొని అప్పులవాడు మరింత అప్పు చేయునని అసలే తలపడు. యూరపు రాజ్యములు క్షేమము కొరకే పూచీలు పెట్టుకొనినవి. మిత్రుడు వెనుక నున్నాడను ధైర్యమున ప్రతివాడును తన తగవులో ఒక అడుగు ముందునకు వేయుటకు అవే కారణమైనవి.

ఇక ఆ రాజులు పరాయివారా యనిన, కారు. జర్మనీ కైజరు విల్‌హెల్ము విక్టోరియారాణికి కూతురి కొడుకు. ఇంగ్లాండు రాజు ఐదవ జార్జి ఆమెకు కొడుకు కొడుకు. రష్యా జారు నికొలాసు భార్య ఆమెకు మరియొక కూతురి కూతురు. జార్జియు నికొలాసును అక్కచెల్లెండ్ర బిడ్డలు. దాయాదుల యుద్ధము మనకు క్రొత్తది కాదు గనుక, బంధుత్వము కత్తిని ఆపదని వేరుగా చెప్పవలసిన పనిలేదు.

ఇన్ని పూచీలు, ఇన్ని పగలు ఉన్నప్పుడు యుద్ధము రాక తప్పునా, అది విధి గదా యని ఒక వాదము కలదు. ఈ వాదమునకు ఆ రాజ్యముల చరిత్రమే సమాధానము చెప్పుచున్నది.

1904వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీ రాత్రి రష్యా నౌకాదళము జపానుతో యుద్ధమునకు పోవుచు ఉత్తరసముద్రము దాటుచుండెను. డాగర్ బ్యాంకు అను తావున ఇంగ్లీషు జాలరులు చేపలు పట్టుకొనుచుండగా, రష్యను నావికులు చీకటిలో వారి పడవలను జపాను యుద్ధపు పడవలని భ్రమపడి ఫిరంగులు ప్రేల్చిరి. నిరపరాధులైన జాలరులు చనిపోయిరి. ఇంగ్లాండు ఉడికిపోయెను. ఆ ఇంగ్లాండు 1902 నుండి జపానుకు మిత్రము. ఫ్రాన్సు రష్యాకు మిత్రము. యుద్ధమునకు వలసిన సామగ్రి అంతయు ఆ రాత్రి సముద్రముమీద సిద్ధముగానే యుండెను. అయినను ఏమి జరిగెను? ఫ్రాన్సు నడుమ నిలిచి ఇరువురిని శాంతింపజేసెను. 1899లో హేగ్ నగరమున జరిగిన ఒప్పందము ప్రకారము విచారణసంఘ మొకటి ఏర్పడి పారిసులో సాక్ష్యములు విని తీర్పు చెప్పెను. రష్యా సుమారు 66 వేల పౌన్ల పరిహారము చెల్లించెను. మూడేండ్లకు ఆ రెండు రాజ్యములే స్నేహము కలుపుకొనినవి.

మరల 1912లో బాల్కను ప్రాంతమున యుద్ధము రేగినప్పుడు ఆస్ట్రియాయు రష్యాయు కత్తులు నూరుకొనినవి. అప్పుడు ఇంగ్లాండు విదేశాంగమంత్రి ఎడ్వర్డ్ గ్రే మహారాజ్యముల రాయబారులను లండనులో ఒక బల్ల చుట్టును కూర్చుండబెట్టెను. నెలల తరబడి వారు మాటలాడిరి. అల్బేనియా యను దేశము ఏర్పడెను. మహారాజ్యముల నడుమ యుద్ధము రాలేదు. కనుక 1914కు ముందు రెండేండ్లలోపలనే, అదే రాజ్యములు, పెక్కుపట్ల అదే మంత్రులు, అదే తగవును మాటలతో తీర్చియున్నారు. ఒకసారి మాటలతో తీరినది రెండవసారి విధి యెట్లగును?

ఇక సారయేవోకు పోవుదము. 1908లో ఆస్ట్రియా తనలో కలుపుకొనిన బోస్నియాకు అది ముఖ్యపట్టణము. ఆ కలుపుకొనుటపై పొరుగున నున్న సెర్బియాకు తీరని కడుపుమంట. 1914 జూన్ 28వ తేదీన ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండు భార్యతో గూడ ఆ పట్టణమునకు వచ్చెను. ఉదయము ఒకడు బాంబు విసరగా అది తప్పి, వెనుక కారులోని వారు గాయపడిరి. యువరాజు ఆ గాయపడినవారిని ఆసుపత్రిలో పరామర్శింపదలచి దారి మార్పించెను. ఆ మార్పు కారు నడపువానికి ఎవ్వరును చెప్పలేదు. అతడు పాత దారినే పట్టి లాటిను వంతెనవద్ద మలుపు తిరిగెను. తప్పు దారి యని అరచినంతనే కారు ఆపెను. ఆపిన చోటనే గవ్రీలో ప్రిన్సిప్ అను పందొమ్మిదేండ్ల యువకుడు పిస్తోలుతో నిలుచుండెను. రెండు గుండ్లు ప్రేలినవి. భార్యాభర్తలు ఇరువురును మరణించిరి.

నేను బడిలో ఈ పాఠము చెప్పినప్పుడెల్ల ఎవడో యొక పిల్లవాడు లేచి, ఆ కారు దారి తప్పకుండినచో యుద్ధము రాకపోయెడిది గదా యని అడుగుచుండెడివాడు. మంచి ప్రశ్నయే. యువరాజు బ్రదికియుండినచో ఆస్ట్రియా కొలువులో సెర్బియాపై యుద్ధము వలదని చెప్పు పెద్దదిక్కు బ్రదికియుండెడిది. ప్రధాన సేనాని కాన్రాడు పలుమార్లు యుద్ధము కోరగా, దానివలన రష్యాతో వైరము వచ్చునని అడ్డుపడినవారిలో ఈ యువరాజే ముఖ్యుడు. హంతకుని గుండు మొదట శాంతిపక్షపు మనిషికే తగిలెను. అయినను నేను ఆ పిల్లలకు చెప్పిన సమాధాన మిది: కారు దారి తప్పుట ఒక హత్యకు కారణము. యుద్ధమునకు అది కారణము కాదు. హత్యకును యుద్ధమునకును నడుమ ముప్పదియేడు దినములు కలవు. ఆ దినములలో దారి తప్పినవారు వేరు. వారిలో ఒక్కడును కారు తోలువాడు కాడు.

మొదటి వాకిలి జూలై 5వ తేదీన తెరచియుండెను. ఆస్ట్రియా రాయబారి పాట్స్‌డామ్ నగరమున కైజరును దర్శించి తన చక్రవర్తి ఉత్తరము అందించెను. కైజరు భోజనానంతరము, ఆస్ట్రియా సెర్బియాపై ఏ చర్య తీసికొనినను, రష్యా అడ్డు వచ్చినను, జర్మనీ వెన్నంటి నిలుచునని మాట యిచ్చెను. మరునాడు ఛాన్సలరు బెత్‌మన్ హోల్వెగ్ ఆ మాటను స్థిరపరచెను. ఆ దినముననే కైజరు నార్వే సముద్రవిహారమునకు నౌక యెక్కెను. చరిత్రకారులు దీనిని ఖాళీ చెక్కు అందురు. మన పల్లెలలో ఖాళీ స్టాంపు కాగితముపై వ్రేలిముద్ర యందురు.

ఆ మధ్యాహ్నము కైజరు వేరొక విధముగా పలికియుండినచో? "మీ దుఃఖము నాకును దుఃఖమే. కాని మీరు సెర్బియాను ఏమేమి అడుగబోవుచున్నారో ఆ కాగితము ముందుగా నాకు చూపుడు" అని అడిగియుండినచో? ఇది గొంతెమ్మ కోరిక కాదు. పూచీ పడువాడు పత్రము చదువుట లోకమర్యాద. ఆ వారమున హంగరీ ప్రధానమంత్రి తీసా తన కొలువులోనే యుద్ధమును ఎదిరించుచుండెను. హంగరీ సమ్మతి లేక ఆస్ట్రియా చక్రవర్తి యుద్ధము చేయజాలడు. జూలై 14వ తేదీ ప్రాంతము వరకు తీసా లొంగలేదు. లొంగుటకు ముఖ్యకారణములలో నొకటి జర్మనీ యిచ్చిన ఆ మాటయే. బెర్లినునుండి జంకుగొంకులతో కూడిన జవాబు వచ్చియుండినచో వియన్నాలో తీసా పక్షమే గెలిచియుండెడిది.

ఆస్ట్రియా జూలై 23వ తేదీ సాయంకాలము ఆరుగంటలకు సెర్బియాకు పది కోరికలతో తాఖీదు పంపెను. గడువు 48 గంటలు. ఆ గడియను సైతము లెక్కవేసి ఎంచుకొనిరి. ఫ్రాన్సు అధ్యక్షుడు పొయన్‌కారే రష్యా రాజధానిలో జారుకు అతిథిగా నుండెను. అతడు ఓడ యెక్కి పోవువరకు ఆగి, మిత్రులిద్దరు ఒకచోట కూర్చుండి ఆలోచించుకొనుటకు వీలులేని వేళ చూచి తాఖీదు అందించిరి.

సెర్బియా పూర్తిగా నిర్దోషి యని నేను చెప్పను. హంతకులకు ఆయుధము లిచ్చిన రహస్యసంఘమునకు నాయకుడు సెర్బియా సైన్యపు గూఢచారిశాఖ అధిపతియే. అయినను జూలై 25వ తేదీన సెర్బియా యిచ్చిన జవాబు చాలవరకు అణకువగలది. ఆస్ట్రియా అధికారులు తమ నేలపై విచారణలో పాల్గొనుటను మాత్రము ఒప్పుకొనలేదు. ఆస్ట్రియా రాయబారి ఆ కాగితముపై కన్ను వేసి, సంబంధములు తెగినవని చెప్పి, అరగంటలో రైలెక్కెను.

ఇచ్చట రెండవ వాకిలి. జూలై 26వ తేదీన గ్రే, 1912లో వలెనే లండనులో సభ జరుపుదమని, ఇంగ్లాండు, ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ నడుమ నిలిచి తీర్పు చెప్పవచ్చునని కోరెను. జర్మనీ ఒప్పుకొనలేదు. సముద్రవిహారమునుండి తిరిగివచ్చిన కైజరు జూలై 28వ తేదీ ఉదయము సెర్బియా జవాబును చదివెను. చదివి ఆశ్చర్యపడి, దీనితో యుద్ధమునకు గల కారణము లన్నియు తొలగినవని ఆ కాగితము మీదనే వ్రాసెను. ఆస్ట్రియా బెల్‌గ్రేడు పట్టణమును మాత్రము కుదువగా పట్టుకొని, సెర్బియా మాట నెరవేర్చువరకు అచ్చటనే ఆగి, మధ్యవర్తిత్వమునకు ఒప్పుకొనవలెనని సూచించెను. కాని బెత్‌మన్ ఆ సూచనను రాత్రివరకు ఆపి, కారణములు తొలగినవను ముఖ్యవాక్యమును విడిచి, ఆస్ట్రియాను మనము అడ్డగించుచున్నట్లు కానరాకుండ చెప్పుమని వియన్నాలోని రాయబారికి తంతి పంపెను. ఆ పగలే ఆస్ట్రియా సెర్బియాపై యుద్ధము ప్రకటించియుండెను.

ఒక సంగతి చిత్తగింపుడు. కాన్రాడు తన సైన్యము ఆగస్టు 12వ తేదీ ప్రాంతమున గాని కదలలేదని రెండు దినములకు ముందే చెప్పియుండెను. పోరలేని సైన్యముతో రెండు వారములు ముందుగా యుద్ధము ప్రకటింపనేల? మధ్యవర్తులు వచ్చి అడ్డుపడుదురను భయముచేత. శాంతి వచ్చునేమో యను తొందరతో యుద్ధము చాటిరి. ప్రకటనము రెండు దినములు ఆగియుండినచో, కైజరు సూచన యథాతథముగా వియన్నా చేరియుండినచో, సైన్యము సిద్ధమగుటకు వలసిన ఆ రెండు వారములును సభకు దొరకియుండెడివి. ఆస్ట్రియాకు గౌరవము దక్కియుండెడిది. సెర్బియాకు ప్రాణము దక్కియుండెడిది.

మూడవ వాకిలి రష్యాలో తెరచియుండెను. జూలై 29వ తేదీ రాత్రి రష్యా రాజధానిలోని తంతి కచేరీలో యంత్రముల ముందు గుమాస్తాలు సిద్ధముగా కూర్చుండిరి. దేశమంతట సేనలను సమీకరింపుమను ఉత్తరువు పోవుటయే తరువాయి. అంతలో జారువద్దనుండి ఆపుమని కబురు వచ్చెను. కైజరు పంపిన తంతి చదివి అతని మనస్సు కరగినది. ఆ సాయంకాలమే జారు కూడ కైజరుకు తంతి నిచ్చుచు, ఆస్ట్రియా సెర్బియాల తగవును హేగ్ న్యాయసభకు అప్పగించుదమని కోరియుండెను. ఆ సభ ఊరక కాగితముమీది సభ కాదు. 1899లో ఈ జారు పిలుపుచేతనే దేశములన్నియు కూడి స్థాపించినది. డాగర్ బ్యాంకు తగవు తీరినది ఆ యొప్పందముచేతనే. పదేండ్లలో నలిగిన దారి. జర్మనీ ఆ మాటను చెవిని బెట్టలేదు. జారును గట్టిగా రెండవసారి అడుగలేదు.

మరునాడు విదేశాంగమంత్రి సజొనోవు జారువద్ద సుమారొక గంట వాదించి ఉత్తరువును మరల పుట్టించెను. ప్రధాన సేనానికి ఒక భయము పట్టుకొనెను: జారు మరల మనస్సు మార్చుకొనునేమో యని. అందుచేత ఉత్తరువు పోయిన పిమ్మట తన టెలిఫోనును పగులగొట్టి ఎవ్వరికిని దొరకకుండ పోయెదనని అతడు చెప్పియుండెను. ఒక రాజు శాంతిమాట తనకు వినబడకుండ చేసికొనుటకు సేనాని యంత్రము పగులగొట్టదలచుట ఆ ముప్పదియేడు దినములకు తగిన గుర్తు.

ఇక నాలుగవది ఆగస్టు 1వ తేదీ. జర్మనీ రష్యాపై యుద్ధము ప్రకటించెను. ఫ్రాన్సుపై పోకుండినచో ఇంగ్లాండు ఊరకుండునని లండనునుండి తంతి యొకటి వచ్చినట్లు తోచగా, కైజరు సంతోషించి సైన్యమునంతటిని తూర్పునకు త్రిప్పుమనెను. సేనాని మోల్ట్కే అది అసాధ్యమనెను. ఏండ్ల తరబడి కూర్చిన రైళ్ల పట్టీ పడమరకే గాని తూర్పునకు లేదు. త్రిప్పినచో సైన్యము గుంపుగా మారునని అతని వాదము. ఆ రాత్రియే లండను తంతి పొరపాటుగా గ్రహింపబడినదని తేలెను గనుక ఈ వాకిలి నిజమైనది కాదనవచ్చును. కాని యుద్ధము ముగిసిన పిమ్మట జర్మనీ సైనికరైల్వే శాఖకు చెందిన సేనాని యొకడు, సైన్యమును తూర్పునకు త్రిప్పుట సాధ్యమేనని నిరూపించుచు ఒక గ్రంథమే వ్రాసెను. అంత బలముగల రాజ్యము ఒక్క ఉపాయమును మాత్రమే సిద్ధపరచుకొని, ఆ ఉపాయమునకు తానే బందీ యయ్యెను. తూర్పున రష్యాతో తగవు వచ్చినచో పడమట బెల్జియముమీద పడవలెనను ఆ ఉపాయమే ఇంగ్లాండును యుద్ధమునకు దింపెను. ఆగస్టు 3వ తేదీన జర్మనీ ఫ్రాన్సుపై యుద్ధము చాటెను. 4వ తేదీన బెల్జియమున అడుగు పెట్టెను. ఆ రాత్రి ఇంగ్లాండు యుద్ధమున ప్రవేశించెను.

ఇంగ్లాండు మాత్రము తప్పు లేనిదా? తాము తటస్థులుగా నుండజాలమని గ్రే జర్మను రాయబారితో స్పష్టముగా పలికినది జూలై 29వ తేదీన. వారము ముందే పలికియుండినచో జర్మనీ వెనుకకు తగ్గెడిదేమో. అయితే ఆ మాట విని రష్యా మరింత రెచ్చిపోయెడిదేమో. గ్రేకు ఈ సందేహమును కలదు, తన మంత్రివర్గములోనే ఐకమత్యము లేని చిక్కును కలదు. ఇచ్చట నేను తీర్పు చెప్పజాలను. మిగిలిన మూడు వాకిళ్లవద్ద మాత్రము నాకు సందేహము లేదు.

వింత యేమనగా, తగవునకు మూలమైన ఆస్ట్రియా రష్యాపై యుద్ధము ప్రకటించినది ఆగస్టు 6వ తేదీన. పూచీ పడిన జర్మనీ అప్పటికి అయిదు దినములకు ముందే యుద్ధములో నుండెను. జర్మనీకి ఆస్ట్రియాకు సంధిగల ఇటలీ, ఆ సంధి ఆత్మరక్షణమునకే గాని దండయాత్రకు కాదని చెప్పి తటస్థముగా నిలిచి, 1915లో ఎదుటి పక్షమునే చేరెను. పాండవులకు తోడుపడవలెనని బయలుదేరిన శల్యుడు దారిలో దుర్యోధనుని ఆతిథ్యమునకు చిక్కి కౌరవపక్షము చేరిన కథ మీరెరిగినదే.

భారతము మాట వచ్చినది గనుక ఒక పోలిక చెప్పుదును. ఉద్యోగపర్వమున సంజయుడు పోయెను, పిదప శ్రీకృష్ణుడు స్వయముగా హస్తినకు పోయెను. సభ కూడెను. భీష్మద్రోణవిదురులు విన్నారు, గాంధారి సైతము వచ్చి చెప్పెను. అయిదూళ్లైన చాలునను మాట అందరి యెదుట పలుకబడెను. అయినను ఒక్కని పట్టుదలచేత యుద్ధము వచ్చెను. 1914లో అట్టి సభ యొక్కటి కూడలేదు. ఆ వారమున రాజులు ముగ్గురు గాని, మంత్రులు అయిదుగురు గాని ఒక్క గదిలో కూర్చుండలేదు. తంతులు మాత్రము ఒకదాని నొకటి దారిలో దాటిపోయినవి. ఒకనికి జవాబు చేరుసరికి వాడు వేరొక పని చేసియుండెను. రాయబారము విఫలమై వచ్చినది కురుక్షేత్రము. రాయబారము జరుగకయే వచ్చినది ఈ యుద్ధము.

దాని ఫలము అందరెరిగినదే. నాలుగేండ్లలో సుమారు కోటిమంది సైనికులు మరణించిరి. ఆస్ట్రియా, జర్మనీ, రష్యా, తురకల సామ్రాజ్యములు నాలుగును కూలినవి. 1919 నాటి సంధిలోని కసి 1939 నాటి రెండవ యుద్ధమునకు ఎరువైనది.

మనకును అందులో భాగము వచ్చెను. ఇంగ్లాండు యుద్ధము ప్రకటించినంతనే హిందూదేశము గూడ యుద్ధములో నున్నట్లయ్యెను. మన పెద్దల నెవ్వరిని అడిగినవారు లేరు. సెప్టెంబరు 26వ తేదీకే మన సిపాయిలు ఫ్రాన్సులోని మార్సేల్సు రేవున దిగిరి. యుద్ధము ముగియులోపల లక్షలకొలది సిపాయిలును కూలీలును సముద్రము దాటిరి. సుమారు 74 వేలమంది తిరిగిరాలేదు. నిజాము రాజ్యపు హైదరాబాదు లాన్సర్లను ఆశ్వికదళము సూయెజు కాలువకును పాలస్తీనాకును పోయెను. ఢిల్లీలో తీన్‌మూర్తి స్మారకమునందలి మూడు విగ్రహములలో నొకటి ఆ దళమునకు గుర్తు. అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు ముఖ్యపట్టణమైన చెన్నపట్టణముపై 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎండెన్ అను జర్మను ఓడ గుండ్లు కురిపించెను. రేవులోని చమురు తొట్లు మండినవి. సారయేవో ఎచ్చట, చెన్నపట్టణ మెచ్చట! పూచీ వ్రాసినవారు వేరు, చెల్లించినవారు వేరు.

ఒక ఆక్షేపణ మిగిలినది. 1914లో తప్పినను 1916లోనో 1920లోనో ఆ యుద్ధము రాకుండెడిదా? నాకు తెలియదు, ఎవ్వరికిని తెలియదు. కాని వాయిదా పడిన ప్రతి కీడును మరల వచ్చుననుట నియమము కాదు. ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫునకు అప్పటికి ఎనుబదిమూడేండ్లు. అతడు 1916లో మరణించెను. వారసుడు యుద్ధమునకు విముఖుడు. ఆ వేసవిలో లెనిను ఆస్ట్రియా రాజ్యపు కొండపల్లె యొకదానిలో ప్రవాసి. హిట్లరు మ్యూనికు నగరమున చిత్రములు అమ్ముకొను అనామకుడు. యుద్ధము లేని యూరపు రామరాజ్య మగునని నేననను. అందులో దాస్యమును, దారిద్ర్యమును, పగలును ఉండెడివే. అయినను ఆ కోటిమందికి తమ పొలములను దున్నుకొనుటకును, బిడ్డలకు పెండ్లిండ్లు చేయుటకును కాలము దొరకియుండెడిది. కాలము చిన్న వరము కాదు.

ఇట్టి విచారణవలన ప్రయోజనము కలదా యనువారికి ఒక్క దృష్టాంతము చెప్పి ముగించెదను. 1962వ సంవత్సరము అక్టోబరు నెలలో రష్యావారు క్యూబా ద్వీపమున అణ్వస్త్రములను నిలిపిరని అమెరికాకు తెలిసెను. పదమూడు దినములు లోకము అంచుమీద నిలిచెను. అప్పుడు అమెరికా అధ్యక్షుడైన కెన్నడీ, 1914 ఆగస్టును గూర్చి బార్బరా టక్‌మన్ అను విదుషి ఆ యేడే ప్రచురించిన గ్రంథమును చదివియుండెను. ఈ అక్టోబరును గూర్చి రేపెవ్వరును అట్టి గ్రంథము వ్రాయకుండుగాక యని తమ్మునితో అనెను. సేనానులు వెంటనే బాంబులు వేయుదమనగా ఆగి, ముందు ఓడలతో అడ్డు కట్టించి, ఎదుటివానికి ఆలోచించుటకు వ్యవధి యిచ్చెను. రష్యా నాయకుడు క్రుశ్చేవుతో ఉత్తరములు నడపెను. తమ్ముని చేత రష్యా రాయబారితో ముఖాముఖి మాటలాడించెను. టర్కీలోని తమ అస్త్రములను గుట్టుగా తొలగించుటకు ఒప్పుకొని, ఎదుటివాని గౌరవమునకు దారి విడిచెను. క్రుశ్చేవు తన అస్త్రములను తొలగించెను. గతజలమునకు కట్టిన కట్ట రాబోవు వరదను ఆపినది.

గ్రామముల పెద్దలారా! గట్టు తగవు మొదలు ఖండముల తగవు వరకు మనుష్యుని స్వభావ మొక్కటే. మీ యెదుటికి తగవు వచ్చినప్పుడు ఈ ముప్పదియేడు దినములను తలచుకొనుడు. పత్రము చదువక పూచీ పడకుడు. ఎదుటివానికి 48 గంటల గడువు పెట్టకుడు. కబురులతో సరిపెట్టక ఇరువురిని ఒక అరుగుమీద కూర్చుండబెట్టుడు. ఓడినవాడు తలయెత్తుకొని ఇంటికి పోవుటకు ఒక సందు విడువుడు. మన పిల్లలకు యుద్ధముల కథలు చెప్పునపుడు గెలిచిన సేనానుల పేర్లతోపాటు, తెరచియుండిన వాకిళ్లను గూడ చూపుడు. అది విధి యని చెప్పి వారిని పంపివేయకుడు.